గేమ్ కన్సోల్ ఎలా ఎంచుకోవాలి: ఆటల జాబితా ముందు, పెట్టె ఆ తర్వాత

ఒక కాగితం మీద, వచ్చే ఏడాదిలో మీరు తప్పకుండా ఆడాలనుకుంటున్న ఐదు ఆటల పేర్లు రాయండి. "రేసింగ్", "ఫుట్‌బాల్" అని రకాలు కాదు, అసలు పేర్లే రాయాలి. ఐదు పేర్లు గుర్తుకు రాకపోతే ఇప్పుడే తొందరపడకండి. ఎవరి దగ్గరైనా కన్సోల్ ఉంటే రెండు మూడు వారాలు ఆడి చూసి, అప్పుడు జాబితా రాసుకోండి. కొనుగోలులో మిగతా నిర్ణయాలన్నీ ఈ కాగితం నుంచే వస్తాయి. దీన్ని పక్కనబెట్టి "ఏది శక్తివంతం?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లు మంచి యంత్రమే కొంటారు, కానీ తాము ఆడాలనుకున్న ఆట దాని మీద రాదని ఆలస్యంగా తెలుసుకుంటారు.

1. ప్రతి ఆట పక్కన అది వచ్చే యంత్రాలు రాయండి

ఈ సమాచారం ఆట తయారుచేసిన కంపెనీ పేజీలోనే చూడండి. మారియో, జెల్డా ప్రధాన ఆటలు నింటెండో యంత్రాల మీదే వస్తాయి, వాటికి వేరే దారి లేదు. ఆస్ట్రో బాట్ ప్లేస్టేషన్ 5కే పరిమితం. ఎక్స్‌బాక్స్ సంగతి మాత్రం మారింది. ఒకప్పుడు దానికే సొంతమనుకున్న ఆటలు కొన్ని ఇప్పుడు బయటికి వస్తున్నాయి. ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 5కు కూడా వచ్చింది. పైగా ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ సొంత ఆటలు పీసీ మీద కూడా అదే రోజు విడుదలవుతాయి. కాబట్టి ఇంట్లో ఇప్పటికే మంచి గేమింగ్ పీసీ ఉంటే ఎక్స్‌బాక్స్ వల్ల మీకు కొత్తగా దక్కేది తక్కువ. ప్లేస్టేషనో నింటెండోనో తీసుకుంటే ఆ పీసీకి తోడవుతుంది.

స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడే ఆటలకు ఇంకో ప్రశ్న వేసుకోండి: వాళ్లు వాడే యంత్రం ఏది? ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, మైన్‌క్రాఫ్ట్ లాంటి వాటిలో వేర్వేరు కన్సోళ్లవాళ్లు కలిసి ఆడొచ్చు. దీన్నే క్రాస్‌ప్లే అంటారు. అన్ని ఆటల్లో ఈ సదుపాయం లేదు. ఉన్నచోట కూడా మీరు సంపాదించిన లెవెళ్లు, కొన్న వస్తువులు ఒక యంత్రం నుంచి ఇంకోదానికి వస్తాయన్న హామీ లేదు, అది క్రాస్ ప్రోగ్రెషన్ అనే వేరే సంగతి. రెండింటినీ విడివిడిగా చూసుకోండి.

జాబితాలో మూడు ఆటలు ఒకే యంత్రం వైపు చూపిస్తే ఆ యంత్రమే మీది. ఐదూ అన్నింటి మీదా వచ్చేవైతే టీవీ, డిస్కు, స్నేహితులు, ఖర్చు చూసి తేల్చుకోవాలి.

2. ఎక్కడ కూర్చుని ఆడతారో తేల్చుకోండి

టీవీ రాత్రిపూట మీకు నిజంగా దొరుకుతుందా? ఇంట్లోవాళ్లు సీరియల్ చూసే సమయమూ మీరు ఆడే సమయమూ ఒకటే అయితే పెద్ద కన్సోల్ అలమరలోనే ఉండిపోతుంది. అలాంటి ఇంటికి చేతిలో పట్టుకుని ఆడే యంత్రమే సరి.

నింటెండో స్విచ్‌లో నాలుగు రకాలున్నాయి, పేర్లు దగ్గరగా ఉండటంతో పొరపాటు పడేవాళ్లు ఎక్కువ. 2017 నాటి మామూలు స్విచ్‌కు 6.2 అంగుళాల తెర. 2019లో వచ్చిన లైట్‌కు 5.5 అంగుళాల తెర, దీన్ని టీవీకి కలపడం అసలు కుదరదు. కంట్రోలర్లు కూడా ఊడిరావు, పిల్లలకు కొనేటప్పుడు ఈ రెండూ మరిచిపోవద్దు. 2021 నాటి ఓలెడ్‌కు 7 అంగుళాల తెర. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2కు 7.9 అంగుళాల తెర, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) పెడితే 4కే (3840x2160 చుక్కల స్పష్టత) దాకా బొమ్మ ఇస్తుంది. పాత స్విచ్ ఆటల్లో అత్యధికం స్విచ్ 2 మీద నడుస్తాయి, కానీ అన్నీ కాదు. పాత జాయ్‌కాన్‌లే (స్విచ్ పక్కల ఊడివచ్చే కంట్రోలర్లే) కావాల్సిన ఆటలు కొన్ని ఉన్నాయి, ఉదాహరణకు రింగ్ ఫిట్. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఆటలను నింటెండో ఇచ్చే పట్టికలో చూసుకోండి. కొత్తగా కొనేవాళ్లకు మా సలహా స్విచ్ 2నే. పాత స్విచ్ కోసం వచ్చే కొత్త ఆటలు క్రమంగా తగ్గిపోతాయి.

వాల్వ్ తయారుచేసిన స్టీమ్ డెక్ చేతిలో పట్టే పీసీ. వాల్వ్ ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో ఇప్పటికే ఆటలు కొని ఉన్నవాళ్లకు ఇది బంగారం లాంటిది, మళ్లీ కొనక్కర్లేదు. అయితే ఇది లినక్స్ మీద నడుస్తుంది. చీటింగ్‌ను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను ఒప్పుకోని ఆటలు దీని మీద పనిచేయవు. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ ఆ కోవలోవే. స్టీమ్ స్టోర్‌లో ప్రతి ఆటకూ డెక్ మీద ఎలా నడుస్తుందో గుర్తు ఉంటుంది, మీ ఐదు పేర్లూ అక్కడ చూడండి.

ఆడేది పిల్లలైతే వయసు గుర్తులు చదవండి. యూరప్ పద్ధతి పెగి 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తుంది. సోనీ (ప్లేస్టేషన్), మైక్రోసాఫ్ట్ (ఎక్స్‌బాక్స్), నింటెండో మూడు కంపెనీల యంత్రాల్లోనూ ఆడే సమయం మీద, కొనుగోళ్ల మీద పరిమితి పెట్టొచ్చు. ఫోన్ యాప్ నుంచి కూడా వీలుంది. కొనుగోళ్లకు పిన్ పెట్టకుండా పిల్లల చేతికి కంట్రోలర్ ఇవ్వొద్దు.

3. టీవీ వెనక్కి వెళ్లి పోర్టులు చూడండి

4కే బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) దగ్గర కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు చాలు. 4కేతో పాటు 120 ఫ్రేములు కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. నాలుగు పోర్టులున్న టీవీలో కూడా 120 తీసుకునేవి చాలాసార్లు ఒకటో రెండో మాత్రమే, వాటి పక్కన చిన్న అక్షరాలతో 4కే 120 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. కొన్ని టీవీల్లో సౌండ్‌బార్‌కు వాడే ఇఆర్క్ పోర్టు కూడా వాటిలోదే అవుతుంది. సౌండ్‌బార్ ఉన్న ఇంట్లో కన్సోల్‌కు మంచి పోర్టు మిగలకపోవడం ఇందువల్లే. తర్వాత టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పోర్టును "ఎన్‌హాన్స్‌డ్" లేదా అలాంటి పేరున్న స్థితిలో పెట్టాలి. చాలా టీవీలు దీన్ని ముందే ఆన్ చేసి ఇవ్వవు.

పెట్టెలో వచ్చే కేబుల్‌నే వాడండి. పొడవైనది కావాలంటే అల్ట్రా హై స్పీడ్ అని ధ్రువీకరణ ముద్ర ఉన్నది కొనండి. పాత కేబుల్ పెట్టి "120 రావడం లేదు, యంత్రం పాడైంది" అనుకునేవాళ్లు ఎక్కువమంది.

టీవీ పాతదైనా గేమ్ మోడ్ మాత్రం తప్పకుండా వేయండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో కొన్ని టీవీలు 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. 60 ఫ్రేముల ఆటలో అది ఆరు ఫ్రేములు. మీరు గెంతమన్నాక ఆరు ఫ్రేములకు గానీ బొమ్మ గెంతదు. చాలా మందికి "నాకు ఆట చేతకాదు" అనిపించేది ఈ ఆలస్యం వల్లే.

టీవీ 1080పీ (1920x1080 చుక్కల స్పష్టత) అయితే పెద్ద మొత్తం పెట్టి ఖరీదైన మోడల్ కొనాల్సిన పనిలేదు. 4కే కన్నా తక్కువైన 1440పీ స్పష్టతను గురిపెట్టి చేసిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అక్కడ హాయిగా సరిపోతుంది. 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో, పెద్ద 4కే టీవీకి దగ్గరగా కూర్చునేవాళ్లకే తేడా చూపిస్తుంది. మొదటి కన్సోల్ కొనేవాళ్లు ఆ డబ్బుతో మామూలు ప్లేస్టేషన్ 5, రెండో కంట్రోలర్, నాలుగైదు ఆటలు కొనుక్కోవడం మేలు.

ధ్వని విషయంలో రెండు చిక్కులు ముందే తెలుసుకోండి. ప్లేస్టేషన్ 5లో గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో గానీ ఆప్టికల్ ఆడియో పోర్టు లేదు. పాత హోమ్ థియేటర్ ఉంటే టీవీ నుంచి కలపాలి. మీ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఆ మూడింటికీ నేరుగా కలవవు. కంట్రోలర్‌కు 3.5 మి.మీ. జాక్ ఉంది, వైర్ ఉన్న ఇయర్‌ఫోన్లు అక్కడ గుచ్చొచ్చు. స్విచ్‌కు మాత్రం 2021 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి బ్లూటూత్ ఆడియో ఉంది.

4. డిస్కు డ్రైవ్ కావాలా, వద్దా

ఎక్కువ డబ్బు మిగిలేదీ పోయేదీ ఈ మెట్టు దగ్గరే, కాబట్టి నిదానంగా ఆలోచించండి. డిస్కు లేని మోడల్ చౌక. కానీ దాన్ని కొన్న రోజు నుంచి ఆటలన్నీ ఒకే దుకాణంలో, ఆ కంపెనీ ఆన్‌లైన్ స్టోర్‌లో, వాళ్లు పెట్టిన ధరకే కొనాలి. డిస్కు ఉంటే పాత డిస్కులు కొనొచ్చు, ఆడాక అమ్మొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. ఏడాదికి ముగ్గురు నలుగురితో డిస్కులు మార్చుకునేవాళ్లకు డ్రైవ్ ధర త్వరగానే తిరిగొస్తుంది. సబ్‌స్క్రిప్షన్‌లో (కంపెనీకి కట్టే చందాతో) వచ్చే ఆటలే ఆడేవాళ్లకూ, ఫోర్ట్‌నైట్ ఒక్కటే ఆడేవాళ్లకూ డ్రైవ్ దండగ.

ఏ మోడల్‌లో ఏముందో చూడండి. సిరీస్ ఎస్‌కు డ్రైవ్ లేదు, తర్వాత తగిలించే వీలూ లేదు. సిరీస్ ఎక్స్ డ్రైవ్‌తో వచ్చింది, 2024లో డ్రైవ్ లేని తెల్ల సిరీస్ ఎక్స్ కూడా వచ్చింది. కాబట్టి పెట్టె మీద "డిజిటల్" అన్న మాట ఉందేమో చదవండి. 2023లో వచ్చిన సన్న ప్లేస్టేషన్ 5 డిజిటల్‌కు, ప్రోకు డ్రైవ్‌ను విడిగా కొని తర్వాత తగిలించొచ్చు. తగిలించిన మొదటిసారి ఇంటర్నెట్ ఉండాలి, లేకపోతే యంత్రం దాన్ని గుర్తించదు. 2020 నాటి మొదటి డిజిటల్ మోడల్‌కు ఈ అవకాశమే లేదు. సెకండ్‌హ్యాండ్‌లో "డ్రైవ్ తర్వాత పెట్టుకోవచ్చు" అని ఎవరైనా చెబితే అది ఏ ఏడాది మోడలో ముందు అడగండి.

డిస్కు ఉంటే డౌన్‌లోడ్ తప్పుతుందనుకోవద్దు. ఆట డిస్కు నుంచి లోపలి ఎస్‌ఎస్‌డీ (యంత్రంలోని నిల్వ) మీదకు పూర్తిగా ఎక్కుతుంది, ఆ తర్వాత డిస్కు పని మీరు ఆట హక్కుదారు అని చూపించడమే. అప్‌డేట్లు ఎలాగూ దిగుతాయి. స్విచ్ 2లో గేమ్ కీ కార్డు అనే రకం ఉంది. అందులో ఆట ఉండదు, కార్డు పెట్టాక ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి, ఆడేటప్పుడు మళ్లీ కార్డు ఉండాలి. డబ్బా ముందు భాగంలో ఆ సంగతి ముద్రించి ఉంటుంది. అమ్ముకునే వీలుంది గానీ, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న ఇంటికి ఇది సౌకర్యం కాదు.

వేరే దేశం నుంచి డిస్కు తెప్పిస్తే ఆట నడవొచ్చు, కానీ అదనపు కంటెంట్ కొనేటప్పుడు మీ అకౌంట్ ప్రాంతమూ డిస్కు ప్రాంతమూ కలవకపోతే అది పనిచేయదు. స్విచ్ 2లో జపాన్ భాష మాత్రమే ఉండే మోడల్ ఒకటుంది. అది జపాన్ అకౌంట్లకే పరిమితం, చౌకగా కనిపించినా కొనొద్దు.

5. నిల్వ చోటు లెక్క కట్టండి

పెట్టె మీద రాసిన అంకె అంతా మీది కాదు. మొదటి ప్లేస్టేషన్ 5 825 జీబీలో మీకు దొరికేది సుమారు 667. 512 జీబీ సిరీస్ ఎస్‌లో సుమారు 364. పెద్ద ఆటలు ఒక్కోటి 100 జీబీ దాటుతాయి. అంటే ఆ సిరీస్ ఎస్‌లో మూడు పట్టడమే గగనం. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే ఇది ఇంకా బాధ పెడుతుంది. సెకనుకు 50 మెగాబిట్ల లైనుపై 100 జీబీ దిగడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది, 20 మెగాబిట్ల మీద 11 గంటలు. నెలకు డేటా పరిమితి ఉన్నవాళ్లు ఆట తీసేసి మళ్లీ దించుకునే అలవాటు పెట్టుకోలేరు, కాబట్టి వాళ్లు మొదటే ఎక్కువ చోటున్న మోడల్ తీసుకోవాలి.

చోటు పెంచే దారి ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ప్లేస్టేషన్ 5లో ఎం.2 ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు ఉంది. జెన్ 4 (పీసీఐఈ నాలుగో తరం) రకం కావాలి, చదివే వేగం సెకనుకు 5,500 మెగాబైట్లు ఉంటే మంచిదని సోనీ సూచన. హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు పలక) తప్పనిసరి, దానితో కలిపి ఎత్తు 11.25 మి.మీ., వెడల్పు 25 మి.మీ. దాటకూడదు. ల్యాప్‌టాప్‌కు కొన్న ఎం.2 సాటా రకం ఇందులో పనిచేయదు. ఎక్కువమంది చేసే తప్పు, పీసీ కోసం చేసిన ఎత్తైన హీట్‌సింక్ ఉన్నది కొని మూత మూయలేకపోవడం. ఎక్స్‌బాక్స్‌లో విప్పే పనే లేదు, వెనక గుచ్చే కార్డు ఒక్కటి కొంటే చాలు, అయితే దాని కోసమే చేసిన కార్డు కావాలి. స్విచ్ 2కు ఆటలు పెట్టాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే ఉండాలి. మీ పాత స్విచ్‌లోని మామూలు మైక్రోఎస్‌డీ నుంచి స్క్రీన్‌షాట్లు, వీడియోలు తెచ్చుకోవచ్చు గానీ, అందులో ఆటలు పెట్టడం కుదరదు.

చౌక దారి ఒకటుంది. మామూలు యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి, ఆడని ఆటలను అందులోకి జరపండి. ప్లేస్టేషన్ 5 ఆటలు, సిరీస్ ఎక్స్, ఎస్ ఆటలు యూఎస్‌బీ మీద నుంచి నడవవు, కానీ వెనక్కి జరపడం మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కన్నా ఎన్నో రెట్లు వేగం. పాత తరం ఆటలు మాత్రం యూఎస్‌బీ నుంచే ఆడొచ్చు.

6. మూడేళ్ల ఖర్చు రాయండి

ధర చీటీ మీద ఉన్న అంకె ఖర్చులో మొదటి భాగమే. కన్సోల్, రెండో కంట్రోలర్, అదనపు నిల్వ, 36 నెలల సబ్‌స్క్రిప్షన్, ఏడాదికి నాలుగు చొప్పున 12 ఆటలు: ఇవన్నీ ఒకచోట కూడండి. మీరు పోల్చుకునే రెండు యంత్రాలకూ విడివిడిగా ఇలా కూడితే, చౌక పెట్టె ఖరీదైనదిగా తేలడం తరచుగా చూస్తాం.

సబ్‌స్క్రిప్షన్ కొనేముందు అవసరమో కాదో చూడండి. డబ్బు పెట్టి కొన్న ఆటను ఆన్‌లైన్‌లో ఆడాలంటే మూడు కంపెనీలకూ చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు అక్కర్లేదు. సేవ్ ఫైళ్ల (ఆటలో మీరు ఎక్కడిదాకా వచ్చారో దాచే ఫైళ్ల) సంగతి వేరు. ఎక్స్‌బాక్స్‌లో అవి క్లౌడ్‌లోకి, అంటే కంపెనీ సర్వర్లలోకి, ఉచితంగానే వెళ్తాయి. ప్లేస్టేషన్, నింటెండోలలో చందా ఉంటేనే క్లౌడ్. పైగా ప్లేస్టేషన్ 5 ఆటల సేవ్‌లు యూఎస్‌బీలోకి తీసుకునే వీలు లేదు. చందా లేకుండా యంత్రం పాడైతే 80 గంటల ఆట పోయినట్టే. చందాతో వచ్చిన ఆటలు చందా ఆగగానే తెరుచుకోవు, ఆ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసే బ్యాటరీలు నాలుగు, ఒక ఛార్జర్ కొంటే ఆ బాధ తీరుతుంది.

7. సెకండ్‌హ్యాండ్ అయితే అక్కడే అరగంట ఆడండి

టీవీకి కలపకుండా, ఇంటర్నెట్ లేకుండా చూపించేవాళ్ల దగ్గర కొనొద్దు. వరస ఇది:

మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఏదైనా ఉచిత ఆటను ఆన్‌లైన్‌లో తెరవండి. కంపెనీలు ఒక్కోసారి అకౌంట్‌నే కాదు, యంత్రాన్నే నిషేధిస్తాయి. అలాంటిది బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది, కానీ ఆన్‌లైన్‌కు వెళ్లదు.

బరువైన ఆట 20 నిమిషాలు నడపండి. ఫ్యాన్ గోల పెరిగి వేడి హెచ్చరిక వస్తే లోపల దుమ్మో ఇంకేదో ఉంది.

కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి చేయి తీసేయండి. కెమెరా గానీ బొమ్మ గానీ దానంతట అది కదిలితే స్టిక్ డ్రిఫ్ట్ పట్టింది. స్టిక్ కింద ఉండే కార్బన్ పూత అరిగినప్పుడు ఇలా అవుతుంది, తుడిస్తే కొన్నాళ్లే ఆగుతుంది. స్విచ్‌లో సెట్టింగుల్లోనే స్టిక్ కాలిబ్రేషన్ ఉంది, అక్కడ చుక్క మధ్యలో నిలుస్తుందో లేదో చూడండి. డ్రిఫ్ట్ ఉంటే కొత్త కంట్రోలర్ ధర తగ్గించి బేరమాడండి.

హెచ్‌డీఎంఐ తీగను పోర్టు దగ్గర మెల్లగా కదిపి చూడండి. బొమ్మ మిణుకుమంటే పోర్టు వదులైంది. ఇది బాగుచేయడానికి బోర్డు మీద సోల్డరింగ్ తప్పదు.

డిస్కును రెండుసార్లు పెట్టి తీయండి. మొదటి ప్లేస్టేషన్ 5లో డ్రైవ్ బోర్డుకు జతపడి ఉంటుంది. ఇంకో యంత్రం డ్రైవ్ తెచ్చి పెడితే పనిచేయదు, కాబట్టి చదవని డ్రైవ్‌ను "చిన్న రిపేరు" అనుకోకండి.

పాత స్విచ్ కొంటుంటే వెనక మోడల్ నంబర్ చూడండి. హెచ్‌ఏసీ-001(-01) అని ఉంటే 2019లో మెరుగైన మోడల్, బ్యాటరీ సుమారు నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వస్తుంది. చివర (-01) లేనిది రెండున్నర నుంచి ఆరున్నర గంటలే. వయసుతో వచ్చే తరుగు దీనికి అదనం.

చివరగా అమ్మేవారు మీ ముందే తమ అకౌంట్ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అసలు బిల్లు, మిగిలిన వారంటీ కాగితం అడిగి తీసుకోండి. సాఫ్ట్‌వేర్ మార్చిన యంత్రమైతే ఎంత చౌకైనా వదిలేయండి.

8. పెట్టె విప్పిన రోజు

గోడకు, అలమర పలకకు కనీసం 10 సెం.మీ. ఖాళీ వదిలి పెట్టండి. అద్దం తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టి తలుపు మూయడం వేడికి ఆహ్వానమే. నిలువుగా నిలబెట్టాలనుకుంటే సన్న ప్లేస్టేషన్ 5కు స్టాండ్ విడిగా కొనాలి.

అప్‌డేట్ ముందు కానివ్వండి, వీలైతే వైఫై కాకుండా లాన్ తీగతో. మామూలు స్విచ్ డాక్‌కు లాన్ పోర్టు లేదు, ఓలెడ్, స్విచ్ 2 డాక్‌లకు ఉంది. తర్వాత, 4కే టీవీకి 4కే ఇచ్చే కన్సోల్ కలిపితే, వీడియో సెట్టింగుల్లో బొమ్మ పరిమాణం 3840x2160గా కనిపిస్తోందో చూడండి, 1920 అని ఉంటే పోర్టో, ఎన్‌హాన్స్‌డ్ సెట్టింగో మిగిలిపోయినట్టు. వాపసు ఇచ్చే గడువు ముగిసేలోపు ప్రతి పోర్టు, ప్రతి బటన్, రెండు స్టిక్‌లు, డిస్కు, వైఫై ఒక్కసారైనా వాడండి. అప్పటిదాకా పెట్టె, లోపలి అట్ట మడతలు, ప్లాస్టిక్ సంచులు ఏవీ పారేయకండి.